గేరాయిలు మార్చే రోజు

చల్లారిన బండికి గేరాయిలు మార్చరు. దూరం నుంచి వచ్చిన లారీ షెడ్డులో ఆగీ ఆగకముందే, బానెట్టు మీద చెయ్యి పెట్టలేనంత వేడి ఉండగానే, షెడ్డు కుర్రాడు గోనెపట్టా లాక్కుని కిందికి దూరేవాడు. ఆయిలు కాగి ఉంటేనే పలచగా ఉంటుంది. పలచగా ఉంటేనే అడుగున దిగిన ఇనుప రజనును వెంటబెట్టుకుని బయటికొస్తుంది. చల్లారనిచ్చారో, తొంభై నంబరు ఆయిలు ముదురు పాకంలా గేరుపెట్టె గోడలు పట్టుకుని కూర్చుంటుంది, మడ్డి లోపలే ఉండిపోతుంది. ఏ పుస్తకమూ చదవకుండానే చిత్తూరు షెడ్ల చుట్టూ పెరిగిన పిల్లలందరికీ ఈ సంగతి తెలుసు. అందుకే మా బండి ఏ రాత్రి ఊరు చేరుతుందంటే ఆ సాయంత్రానికే మేస్త్రీకి కబురు వెళ్లేది. అర్ధరాత్రయినా సరే, పెట్రొమాక్సు లైటు వెలిగించుకుని కూర్చునేవాడు.

చిత్తూరుకు అన్ని షెడ్లు ఎందుకొచ్చాయో తెలియాలంటే పాత 4వ నంబరు జాతీయ రహదారి తెలియాలి. మద్రాసు నుంచి రాణిపేట, అక్కణ్నించి చిత్తూరు, పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా బెంగుళూరు. చిత్తూరు నుంచి పడమరగా బంగారుపాళెం దాటినాక మొగిలి ఘాటు తగులుతుంది. పలమనేరును 'పేదల ఊటీ' అంటారు కదా, ఆ చల్లని గట్టు మీదికి ఎక్కే దారి, అక్కణ్నించి మా ఎండలోకి దిగే దారి అదే. ఎక్కబోయే లారీ ముందుగా చిత్తూరులో ఆగి ఒళ్లు చూపించుకునేది. దిగొచ్చిన లారీ బ్రేకు లైనింగులు కాలిన కమురు వాసనతో ఆగేది. రెండు వైపుల నుంచీ షెడ్లకు పనే. బెంగుళూరు రోడ్డు పొడుగునా చింతచెట్ల కింద రేకుల పందిళ్లు లేచాయి. ఒకడు కమాన్ కట్టలు చూసేవాడు, ఒకడు కరెంటు పని, ఒకడు పంచరు, ఒకడు డీజిలు పంపు. బోర్డులు ఎవరికీ లేవు. 'వేపచెట్టు షెడ్డు', 'బావికాడి మేస్త్రీ' అంటే చాలు, వేలూరు డ్రైవరుకూ తెలుసు, కోలారు డ్రైవరుకూ తెలుసు.

మా మేస్త్రీ ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాడు, వేలూరు, ఆంబూరు డ్రైవర్లతో తమిళం, కోలారు వాళ్లతో కన్నడం, మాతో తెలుగు. తిట్టడానికి మాత్రం అన్నీ కలిపి వాడుకునేవాడు.

నాయన బండి టాటా 1210, ముక్కు బండి. ఊళ్లో దాన్ని టాటా అనేవాళ్లు తక్కువ, బెంజి అనే అనేవాళ్లు. టాటాల కంపెనీ టెల్కో వాళ్లు 1954లో జర్మనీ డైమ్లర్ బెంజ్ కంపెనీతో పదిహేనేళ్లకు ఒప్పందం చేసుకుని లారీల తయారీ మొదలుపెట్టారు. 1969లో ఆ గడువు తీరింది, ముందు భాగాన ఉండే మూడు కొమ్మల నక్షత్రం పోయింది. జనం నోట పేరు మాత్రం ఇంకో ఇరవై ఏళ్లు పోలేదు. ఎండాకాలం చివర తోతాపురి కాయలు, చలికాలం నుంచి బెల్లం, మధ్యలో చెనిక్కాయల మూటలు, ఏదీ లేనప్పుడు ఇటుక. లోడును బట్టే ఇంట్లో కాలం నడిచేది. 'మీ అక్క పెళ్లి ఎప్పుడు?' అంటే 'బెల్లం లోళ్లు అయినాక' అనేవాళ్లం.

'ఎక్కిన గేరులోనే దిగాల' అన్నది పాత డ్రైవర్ల సూత్రం. వాలును మూడో గేరులో ఎక్కితే దిగడమూ మూడులోనే. అప్పుడు బండిని ఇంజనే పట్టి ఉంచుతుంది, బ్రేకులకు ఊపిరి ఉంటుంది. కానీ పై గేరు నుంచి కింది గేరుకు రావడానికి ఒక్కసారి క్లచ్చి తొక్కితే చాలదు. తొక్కి న్యూట్రలుకు తేవాలి. వదిలి, యాక్సిలరేటరు ఒక్క గుద్దు గుద్ది ఇంజను వేగం పెంచాలి. మళ్లీ తొక్కి కింది గేరు వేయాలి. డబల్ క్లచ్చి అంటే ఇదే. లోపలి చక్రాల వేగాలు కలిసిన క్షణాన గేరు రాడ్డు తనంతట తాను జారి కూర్చుంటుంది. కలవకపోతే కిర్రుమని అరుస్తుంది, మణికట్టు దాకా అదురుతుంది. గేరు పడక న్యూట్రల్లో ఇరుక్కున్న లోడు బండిని వాలులో ఆపడం ఎవడి తరమూ కాదు. అది తెలిసీ, డీజిలు మిగులుతుందని కావాలనే న్యూట్రల్లో దిగేవాళ్లుండేవారు. మా డ్రైవరు ఒకసారి అట్లా దిగాడని క్లీనరు నోరు జారితే నాయన అన్న మాట షెడ్డంతా చాన్నాళ్లు చెప్పుకున్నారు. "డీజిలు మిగిలింది సరే, మనిషి మిగలొద్దా?"

ఘాట్లో డ్రైవరు కాలు ఏం చేసిందీ, చెయ్యి ఏం చేసిందీ ఓనరు కంటికి కనపడదు. నెలల తర్వాత ఆయిలులో తేలేది. గేరాయిలు మార్చే రోజున షెడ్డులో అందరూ ఉండేది అందుకే. ఓనరుకు తన సొత్తు ఏ స్థితిలో ఉందో కావాలి. డ్రైవరుకు తన పేరు కావాలి. క్లీనరుకు ఎప్పుడు డ్రైవరవుదామా అని ఆశ, కాబట్టి వాడికి చదువు కావాలి.

కింది నట్టు విప్పే ముందు, పైన ఆయిలు నింపే నట్టు వదులుతుందో లేదో చూసుకోవడం మేస్త్రీ పెట్టిన మొదటి చట్టం. ఉన్న ఆయిలంతా వదిలేశాక పై నట్టు పట్టేసిందని తెలిస్తే బండి ముందుకూ పోదు, వెనక్కీ పోదు. రెండోది, కింది నట్టును చివరి చుట్టలో బొటనవేలితో లోపలికి అదిమి పట్టి తిప్పడం. పూర్తిగా వదిలాక ఒక్కసారిగా చెయ్యి లాగెయ్యాలి. లాగడం ఆలస్యమైతే కాగే ఆయిలు మోచేతి దాకా కారుతుంది. షెడ్లలో పనిచేసిన ఎవరి కుడిచేతినైనా చూడండి, లోపలి వైపు పాత మచ్చలుంటాయి.

కింద, నిలువునా కోసిన శనగనూనె డబ్బా. దాని మూతికి పాత వాయిలు చీర ముక్క. డబ్బా అడుగున, బయటి వైపు, చెడిపోయిన రేడియో స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతం. ఆ బండి గేరుపెట్టెకు ఫిల్టరు లేదు, ఇంజనాయిలుకు ఉంది, డీజిలుకు ఉంది, గాలికి ఉంది, దీనికి మాత్రం లేదు. కాబట్టి ఆ చీర ముక్కే ఫిల్టరు, బండికి కాదు, మేస్త్రీకి. ఆయిలు నల్లగా, దారం తెగకుండా, చప్పుడు లేకుండా దిగేది. అంతా దిగేదాకా ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. డ్రైవరు మాత్రం టైర్లు తన్ని చూస్తున్నట్టు అటు తిరిగి నిలబడేవాడు.

అప్పుడు మేస్త్రీ గుడ్డ ఎత్తి, అడుగున మిగిలిన మడ్డిలో చూపుడువేలు ముంచి, బొటనవేలితో నలిపేవాడు. నలిపేటప్పుడు కళ్లు మూసుకునేవాడు. ఆ తర్వాత ఎండలోకి నడిచి, వేలిని సూర్యుడికి అడ్డంగా పట్టి అటూ ఇటూ తిప్పేవాడు. చివర వాసన. మెత్తటి బూడిదరంగు పేస్టు ఉంటే ఏమీ అనేవాడు కాదు, చక్రాలు తిరిగితే అంత అరుగుదల ఉంటుంది. వేలికి గరగర తగిలితే ముఖం మారేది. ముల్లులా గుచ్చుకునే ముక్క ఉంటే పంటి అంచు రాలినట్టు. మజ్జిగలా తెల్లబడి ఉంటే ఏ వంకలోనో బండి మునిగి లోపలికి నీళ్లు చేరినట్టు. పసుప్పచ్చటి మినుకు కనిపిస్తే కంచు బుష్షులు అరుగుతున్నట్టు. 'పొడి అయితే వయసు, పలుకు అయితే జబ్బు' అనేవాడు.

ఒక ఏడాది ఇట్లాగే ఎండలో నిలబడి నాయనను పిలిచాడు.

"అన్నా, ఇట్లా రా. మినుకుతా ఉండాది చూడు. కంచు తింటా ఉండాది లోపల."

"ఎన్నాళ్లు లాగుతాది మేస్త్రీ?"

"మామిడికాయలకు లాగుతాది. బెల్లానికి లాగదు."

నాయన డ్రైవరు వైపు చూడలేదు. డ్రైవరే వచ్చాడు. మొగిలి దిగేటప్పుడు మూడో గేరు అరస్తా ఉందని, చెప్తే తననే అంటారని చెప్పలేదని అన్నాడు. మేస్త్రీ వాణ్ని తిట్టడానికి నోరు తెరిచి, ఏమనుకున్నాడో, టీ తెమ్మని కుర్రాణ్ని పంపాడు. మామిడి సీజను సరిగ్గా ముగిసిన తర్వాతి వారం గేరుబాక్సు దించారు. బుష్షు పరిస్థితి చూస్తే బెల్లం దాకా ఆగి ఉంటే ఏమయ్యేదో నాకు కూడా అర్థమైంది.

కొత్త ఆయిలు నింపడంలో కొలత లేదు. పక్కనున్న రంధ్రం దాకా నింపాలి, ఒక చుక్క వెనక్కి కారిందంటే చాలు. బండి సమంగా నిలబడి ఉండాలి, అంతే. గేరుపెట్టెకు తొంభై నంబరు, వెనక క్రౌనుకు నూట నలభై. చలికాలం తెల్లవారుజామున నూట నలభై డబ్బాలోంచి కదలదు, పొయ్యి పక్కన పెట్టి కాచుకోవాలి. మూతలకు ప్యాకింగు కూడా కొనేది కాదు. ప్యాకింగు షీటును మూత మీద పరిచి, గుండు సుత్తితో అంచుల వెంట సన్నగా తట్టుకుంటూ పోతే దానంతట అది అచ్చు దిగి తెగేది. ఆ టకటక విని, లోపల ఏ మూత కోస్తున్నారో రోడ్డు మీది నుంచే చెప్పగల క్లీనర్లుండేవాళ్లు.

మిగతా ఫిల్టర్లన్నీ క్లీనరు బాధ్యత. డీజిలుకు రెండు గిన్నెలు. మొదటి దాంట్లోది ఉతికి వాడుకునే నమదా, రెండో దాంట్లోది పారేసే కాగితం. నమదాను డీజిల్లోనే ముంచి పిండి ఉతకాలి. మళ్లీ బిగించాక లైనులో చేరిన గాలిని చేతి పంపు కొట్టి బుడగలు ఆగేదాకా వదలాలి, లేకపోతే ఇంజను పట్టుకోదు. గాలి ఫిల్టరు సంగతి ఇంకో తమాషా. అడుగున గిన్నెలో ఇంజనాయిలు, పైన తీగల అల్లిక. లోపలికి పోయే గాలి ముందు ఆయిలును తాకి దుమ్మును అక్కడే వదిలేస్తుంది. ఎండాకాలం ఇటుక బట్టీల వైపు తిరిగిన బండిలో ఆ గిన్నె విప్పితే ఎర్రమట్టి ముద్ద ఉండేది, కుండలు చేసుకోవచ్చు.

పాత ఆయిలు ఎవరూ పారబోసేవాళ్లు కాదు. అది మేస్త్రీ ఆదాయం, అడగకుండా తీసుకుపోయే హక్కు మాత్రం షెడ్డు చుట్టుపక్కల వాళ్లకుండేది. కందెన కోసం ఎద్దులబండి వాళ్లు వచ్చేవాళ్లు. పందిరి గుంజలకూ తలుపు కమ్మీలకూ చెదలు పట్టకుండా పూయడానికి రైతులు డబ్బాలు తెచ్చుకునేవాళ్లు. ఇళ్లకు మిద్దెలు వేయడం ఎక్కువయ్యాక సెంట్రింగు మేస్త్రీలు పోటీకి వచ్చారు. పలకలకు నల్లాయిలు పూస్తే కాంక్రీటు అంటుకోదు. కాలిన ఇంజనాయిలు ఒక రేటు, చీర ముక్కలో వడగట్టిన గేరాయిలు ఇంకో రేటు. దాని గంధకం వాసన ఇంట్లో రెండు నెలలు పోదు కాబట్టి గేరాయిలు చవక. నేల మీద కారిన ఆయిలును రంపపు పొట్టు చల్లి ఊడ్చేవాళ్లు. ఆ నేల ఎన్ని వానలు కురిసినా నల్లగానే ఉండేది, అక్కడ గడ్డి మొలిచేది కాదు. ఇప్పటి చట్టం ప్రకారం వాడిన ఆయిలు ప్రమాదకరమైన వ్యర్థం. డ్రమ్ములకెత్తి అనుమతి ఉన్న రీసైక్లర్లకే ఇవ్వాలి. ఆ షెడ్ల వెనక బావుల నీళ్లు తాగిన వాడిగా ఈ చట్టాన్ని నేను తప్పుపట్టను.

రంపపు పొట్టు అన్నాను కదా. దానికి ఇంకో ఉపయోగం కూడా ఉండేది. గేర్లు అరిగి గోలపెట్టే లారీని అమ్మదలచిన వాడు గేరాయిల్లో పిడికెడు పొట్టు కలిపేవాడు. పళ్ల సందుల్లో అది మెత్తగా నలిగి చప్పుడును మింగేసేది. నాలుగు రోజులు బండి పట్టులా నడిచేది. తర్వాత పొట్టు ముద్దకట్టి, బేరింగుల దారి మూసి, ఉన్నదీ పాడుచేసేది. అందుకే పాత బండి బేరానికి వెళ్లే వాడు డబ్బులతోపాటు మేస్త్రీని కూడా వెంటబెట్టుకు పోవడం ఆచారం. మా మేస్త్రీ వెళ్లగానే ఇంజను స్టార్టు చేయమనేవాడు కాదు. కింది నట్టు రవ్వంత వదిలి, ఒక దోసిలి ఆయిలు పట్టుకునేవాడు.

పుత్తూరు వైపు ఒక బేరంలో నేనూ ఉన్నాను. దోసిట్లో ఆయిలు తీసుకుని నలిపి, ఏమీ అనకుండా నాయన అరచేతిలో పోశాడు. పొట్టు కళ్లకే కనపడుతోంది. అమ్మే ఆయన తనకేమీ తెలియదన్నాడు, డ్రైవరు చేసుంటాడన్నాడు. డ్రైవరు పాపం నోరు తెరవలేదు. నాయన ఒక్క మాటే అన్నాడు. "సరే, కాణిపాకం పోదాం రా."

మా వైపు వాళ్లకు ఇంకేమీ చెప్పక్కర్లేదు. చిత్తూరుకు పన్నెండు కిలోమీటర్ల లోపే కాణిపాకం. కోనేట్లో మునిగి వరసిద్ధి వినాయకుడి ముందు చేసే ప్రమాణానికి తిరుగులేదని నమ్మకం. అబద్ధపు ప్రమాణానికి శిక్ష తప్పదంటారు. అప్పుల తగాదాలు, గట్ల తగాదాలు, దొంగతనాలు కోర్టుకు పోకుండా అక్కడ తేలిపోయేవి. చాలాసార్లు అక్కడి దాకా పోకుండానే, బస్సెక్కే లోపల తేలిపోయేవి. ఆ రోజూ అంతే. అమ్మే ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, కూర్చుని, రేటులో గేరుబాక్సు ఖరీదు తగ్గించాడు. బేరం కుదిరింది కూడా. కొత్తగా కొన్న బండిని మొదట కాణిపాకానికే తోలాం, పూజకు. పుత్తూరు ఆయన కూడా వచ్చి కొబ్బరికాయ కొట్టాడు. ఇందులో ఎవరికీ వింత తోచలేదు.

ఈ ముచ్చట్లన్నీ బంగారు కాలపు కబుర్లుగా చెప్పడం నాకు ఇష్టం లేదు. ఆ గోనెపట్టా మీద వెల్లకిలా పడుకుని నట్టు విప్పిన కుర్రాడికి ఎనిమిదేళ్లో పదేళ్లో. బడి మానిపించి తల్లే తెచ్చి వదిలేది. తిండి షెడ్డులో, పడక బండి కింద, కూలి 'పని నేర్చుకున్నాక'. పానా అందించడం ఒక్క క్షణం ఆలస్యమైతే అదే పానా వీపు మీద పడేది. 1986లో బాలకార్మికుల చట్టం వచ్చినా షెడ్ల దాకా దాని చూపు రావడానికి చాలా ఏళ్లు పట్టింది. పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదన్న సవరణ 2016లో గాని రాలేదు. మేస్త్రీ చేతిలోని విద్య అట్లాగే చేతులు మారుతూ వచ్చింది, దెబ్బలతో కలిపి. విద్య పోయిందని బాధపడేవాళ్లు దెబ్బలను లెక్కలోంచి తీసేస్తే అది సరైన లెక్క కాదు.

క్లచ్చి లేని గేరుబాక్సు అనే మాట మొదట మా షెడ్డుకు కోలారు గోల్డు ఫీల్డు నుంచి వచ్చింది. 1964లో మొదలైన బెమెల్ కంపెనీ అక్కడి ఫ్యాక్టరీలో మట్టి తవ్వే పెద్ద యంత్రాలు చేసేది. చిత్తూరు జిల్లా వాళ్లు కె.జి.ఎఫ్.లో గనుల కాలం నుంచీ ఉన్నారు. అక్కడ పనిచేసే ఒకాయన దసరాకు ఊరొచ్చినప్పుడు ఆయుధపూజ బొరుగులు నములుతూ, గనుల్లో తిరిగే డంపరుకు గేరు దానంతట అదే పడుతుందని, ఇంజనుకూ గేర్లకూ మధ్య ప్లేటు కాకుండా నూనే తిరుగుతుందని చెప్పాడు. మేస్త్రీ నమ్మలేదు. నూనె తిప్పితే చక్రం తిరగడమేందని నవ్వాడు. కానీ పొద్దు గూకేదాకా ఆయన్ను వదల్లేదు. నేల మీద బొగ్గు ముక్కతో బొమ్మ గీయించుకున్నాడు.

అమెరికా వాళ్లకిది పాత సంగతి. జనరల్ మోటార్స్ వాళ్లు 1940 మోడల్ ఓల్డ్స్‌మొబిల్ కార్లలోనే అట్లాంటి గేరుబాక్సు పెట్టారు. చాలా ఏళ్ల తర్వాత నేను చెల్లెలి దగ్గరికి ఆ దేశం వెళ్లినప్పుడు, మేనల్లుడు తన పాత పికప్ ట్రక్కుకు ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడూ ఫిల్టరూ మారుస్తానని ఇంటి ముందే జాకీలు పెట్టాడు. దీనికి కింద నట్టు కూడా లేదు. వెడల్పాటి తట్ట ఒకటి, చుట్టూ బోల్టులు. ఒక వైపు బోల్టులు ముందు వదిలి తట్టను వాల్చి కార్చాలి, లేకపోతే స్నానమే. దిగింది ఎర్రటి నూనె, పచ్చి కుంకుమరంగు. తట్ట పైన పెట్టెకు అతుక్కుని నమదా లాంటి ఫిల్టరు. తట్ట అడుగున, చూస్తే, గుండ్రటి అయస్కాంతం, దాని మీద బూడిదరంగు బురద.

"ఇదేంది మామా, పాడైందా?" అన్నాడు వాడు.

వేలు పెట్టి నలిపాను. గరగర లేదు. వయసే, జబ్బు కాదు.

కొత్త తట్ట ప్యాకింగు వేసి బోల్టులు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి, బలం చూపిస్తే రేకు వంగి కారుతుంది. ఇక్కడ నింపడానికి కొలత ఉంది, అదీ తిరకాసు కొలత. తట్ట దించితే సగం కూడా రాదు, మిగిలింది ముందున్న టార్క్ కన్వర్టర్లోనే ఉండిపోతుంది. కాబట్టి వచ్చినంత పోసి, ఇంజను నడిపి, గేరు రాడ్డును అన్ని స్థానాల్లోకీ ఒకసారి తిప్పి, ఆ నూనె కాగాక, ఇంజను నడుస్తుండగానే గేజి కంబీ తీసి చూడాలి. ఎక్కువైనా నురగ కట్టి చెడుతుంది. మొత్తానికి ఇదీ వేడి మీద చూడాల్సిన పనే. ఇంకో సంగతి అక్కడే చదివాను. 1970ల తొలి ఏళ్ల దాకా ఈ నూనెల్లో తిమింగలం నూనె కలిపేవాళ్లట. అంతరించిపోతున్న జంతువుల్ని కాపాడే చట్టం అమెరికాలో 1973లో వచ్చాక ఆ కలపడం ఆగిపోయి, నూనె కంపెనీలు బదులు వెతుక్కోవాల్సి వచ్చింది. సముద్రం చూడని పలమనేరు డ్రైవరుకు ఈ మాట చెబితే నమ్మేవాడో లేదో.

ఊరొచ్చి మేస్త్రీకి ఫోనులో ఫొటోలు చూపించాను. అప్పటికే చూపు మందగించింది. మొహానికి దగ్గరగా పెట్టుకుని చూశాడు. "ఎర్రదా? మంచిదే. ఇంజనాయిలు కారిందా, గేరాయిలు కారిందా, రోడ్డు మీద మరక చూసి చెప్పొచ్చు" అన్నాడు. రంగు కలపడానికి కారణం సరిగ్గా అదే. నేనేమీ చెప్పలేదు ఆయనకు.

షెడ్లు ఒక్క దెబ్బకు పోలేదు. మొదటి దెబ్బ రోడ్డు నుంచి తగిలింది. స్వర్ణ చతుర్భుజి వచ్చినప్పుడు చెన్నై, బెంగుళూరు మధ్య నాలుగు లేన్ల దారి రాణిపేట నుంచి వేలూరు, కృష్ణగిరి మీదుగా పోయింది. దూరపు లారీలు అటు మళ్లాయి. మొగిలి ఎక్కాల్సిన పని లేని డ్రైవరుకు చిత్తూరులో ఆగాల్సిన పనీ లేదు. మా రోడ్డుకు నంబరు కూడా మారిపోయింది. రెండో దెబ్బ బండి లోపలి నుంచి. 2020 ఏప్రిల్ నుంచి అమ్మే బండ్లన్నీ బి.ఎస్.6. సెన్సార్లు, కంప్యూటరు, పొగగొట్టంలో యూరియా ద్రవం. కంపెనీ వర్క్‌షాపుకే పోవాలి, వారంటీ వాళ్ల చేతిలో ఉంటుంది. ఆయిళ్లు కూడా మారాయి, ఎనభై వేలు, లక్ష కిలోమీటర్ల దాకా మార్చక్కర్లేని రకాలొచ్చాయి. గేర్లు తమంతట తాము పడే లారీలు మన రోడ్ల మీదా తిరుగుతున్నాయి. ఒక రకంగా మంచిదే. డ్రైవరు మోకాలు బతికింది.

తిరుపతిలో ఈ మార్పు ఇంకా తొందరగా కంటికి కనపడుతుంది. తిరుమలకు మొదటి ఘాటు రోడ్డు 1944లో తెరిచారు. 1970లలో రెండోది వచ్చేదాకా ఎక్కడమూ దిగడమూ ఆ ఒక్క దారినే. ఆ మలుపుల్లో రెండో గేరులో మూలుగుతూ ఎక్కే బస్సు చప్పుడుకు పిల్లలు నిద్రపోయేవాళ్లు, పెద్దలు గోవిందా అనేవాళ్లు. రేణిగుంట రోడ్డు వైపు షెడ్లలో కొండబండి నడిపిన డ్రైవరంటే వేరే గౌరవం, జీతం బేరంలో అది చెప్పుకునేవాళ్లు. 2022 బ్రహ్మోత్సవాలప్పుడు కొండ మీదికి ఆర్టీసీ కరెంటు బస్సులు మొదలయ్యాయి. క్లచ్చి లేదు, గేరు రాడ్డు లేదు. దిగేటప్పుడు మోటారే వెనక్కి లాగి పట్టి, ఆ శక్తిని బ్యాటరీలోకి పంపుతుంది. ఎక్కిన గేరులోనే దిగాలనే సూత్రానికి వేరే రూపం అనుకోవచ్చు. అందులో ఎక్కినప్పుడల్లా నేను డ్రైవరు ఎడమకాలు చూస్తాను, దానికేం పని ఇచ్చారో అని.

నాయన తర్వాత 1210ని కొన్నాళ్లు ఇటుకకు తిప్పి చివరికి తూకానికి అమ్మేశాం. మేస్త్రీ పోయి కొన్నేళ్లయింది. షెడ్డు సగం మేర ఇప్పుడు టైర్ల కొట్టు. మిగతా సగంలో ఆయన కొడుకున్నాడు. అతను పదో తరగతి దాకా చదువుకున్నాడు, మేస్త్రీ అక్కడ గట్టిగా నిలబడ్డాడు. గ్రానైటు టిప్పర్లు, ట్రాక్టర్లు, కంపెనీ వారంటీ తీరిపోయిన పాత బండ్లు అతని దగ్గరికొస్తాయి. ఫోనుకు తగిలించుకునే చిన్న స్కానరు ఒకటి కొనుక్కున్నాడు, గోడకు అగ్నిమాపక సీసా, మూలన వాడిన ఆయిలుకు డ్రమ్ము. కుర్రాడొకడున్నాడు, ఐ.టి.ఐ. చదివినవాడు, సాయంత్రం ఆరుకు వెళ్లిపోతాడు.

మొన్న వెళ్లినప్పుడు ఒక టిప్పరు క్రౌన్లో ఆయిలు మారుస్తున్నాడు. ప్లాస్టిక్ తట్టలోకి దిగిన దాంట్లో వేలు ముంచి, నలిపి, బయటికి నడిచి ఎండలో పట్టి చూశాడు. స్కానరుండగా ఇదేందని అడిగాను.

"స్కానరు క్రౌనులోకి తొంగిచూడదు మామా. బేరింగు పోయి బండి నిలబడినాక దానికీ తెలుస్తాది, నాకూ తెలుస్తాది." టిప్పరు ఓనరు ఊళ్లో లేడట, డ్రైవరు ఫోనులో రీలు చూసుకుంటున్నాడు. అతను తట్టలోని మడ్డికి ఫొటో తీసి ఓనరుకు పంపి, కింద 'పొడే' అని రాశాడు. అవతలి నుంచి బొటనవేలి బొమ్మ వచ్చింది. బిల్లులో నూట నలభై నంబరు ఆయిలు, ప్యాకింగు, లేబరు, మూడు వరసలు రాసి కూడి, చివరి అంకె కొట్టేసి వంద తగ్గించాడు.